నీట మునిగిన చిరునామా

పిల్లలూ! మన చొప్పదండి నుంచి నైరుతి దిక్కుగా పోతే రాజన్న సిరిసిల్ల జిల్లాలోని బోయినపల్లి మండలం వస్తుంది. అక్కడ మన్వాడ అనే ఊరి దగ్గర మానేరు నదికి అడ్డంగా పెద్ద కట్ట కట్టారు. దానినే మధ్య మానేరు జలాశయం అంటారు. అందులో సుమారు 25 టీఎంసీల నీరు నిలుస్తుంది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు టడుగులు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల డబ్బాలను వంద కోట్లు ఊహించుకోండి. దానికి ఇరవై అయిదు రెట్లు! 2019 లో ఆ జలాశయం నిండినప్పుడు కొదురుపాక, వరదవెల్లి మొదలైన ఊళ్లు నీటి కిందికి పోయినవి. ఊరివారు అంతకు ముందే సామాను సర్దుకుని కొత్త కాలనీలకు తరలిపోయారు.

ఊరు మునిగింది గదా, మరి ఆ ఊరి పేర వచ్చే ఉత్తరాలు ఏమవుతవి? ఏమీ కావు. పోస్టుమానుకు ఊరు ఒక్కటే కాదు, మనుషులు కూడా తెలుసు. కవరు మీద పాత ఊరి పేరు ఉన్నా, ఫలానా మల్లయ్య ఇప్పుడు కొత్త కాలనీలో ఏ వాడలో ఉంటున్నాడో అడిగి తెలుసుకుని ఉత్తరం చేతిలో పెడతాడు. ఇల్లు మారినవారు అర్జీ ఇచ్చుకుంటే, వచ్చిన ఉత్తరాలను కొత్త చిరునామాకు తిప్పి పంపే ఏర్పాటు కూడా తపాలా కచేరీలో ఉన్నది.

కంప్యూటరులో ఉండే ఈమెయిలు చిరునామా మునిగిపోతే మాత్రం మనలను వెదుక్కుంటూ వచ్చే పోస్టుమాను ఎవరూ లేరు. ఈ సంగతి నేను చెడి నేర్చుకున్నాను. అది ఎట్లా జరిగిందో చెబుతాను, వినండి.

2009 నుంచి 2013 దాకా నేను ఆ ముంపు ఊళ్లలో ఒకదాని బడిలో పనిచేశాను. ఆ బడి ఆవరణలో ఒక పెద్ద వేపచెట్టు ఉండేది. ఒంటిపూట బడులు మొదలైతే ఏడవ తరగతి మొత్తం దాని కిందనే. ఏదో ఒకనాటికి ఆ ఊరు ఉండదని మా అందరికీ తెలుసు. అందుచేత నేను ఒక చిన్న కెమెరా కొనుక్కుని బడిని, చెట్టును, ఏయేటి పిల్లలను ఆ యేడు ఫొటోలు తీసి పెట్టాను. కెమెరాలోని కార్డు చెడిపోతుందేమోనని భయపడి, ఆ ఫొటోలన్నీ నా ఈమెయిలుకు నేనే పంపుకున్నాను. నూట నలభై ఫొటోలు. అంతకన్న భద్రమైన చోటు లేదనుకున్నాను.

ఇక్కడ ఈమెయిలు పుట్టుక గురించి రెండు మాటలు. 1971 లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు మొదటిసారిగా జాబు పంపాడు. మనిషి పేరుకూ యంత్రం పేరుకూ నడుమ సున్నా చుట్టిన 'ఏ' అక్షరం పెట్టింది ఆయనే. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15 న వచ్చింది. నాకు మాత్రం ఇంకా ఎనిమిదేళ్లు పట్టింది. కరీంనగరంలో ఒక నెట్ సెంటరుకు పోయి, గంటకు ఇరవై రూపాయలు ఇచ్చి, మొదటి ఈమెయిలు తెరిచాను. 2010 లో దానిని వదిలిపెట్టి జీమెయిలులో కొత్త ఖాతా తెరిచాను.

కొత్త ఖాతా తెరిచేటప్పుడు కంప్యూటరు ఒక ప్రశ్న వేసింది. "మీరు పాస్‌వర్డు మరచిపోతే మీకు ఏ చిరునామాకు కబురు పంపమంటారు?" అని. నేను ఆలోచించకుండా పాత చిరునామా ఇచ్చాను. కొత్త ఇంటి తాళంచెవిని తీసుకుపోయి, ఖాళీ చేసిన పాత ఇంటి గూట్లో పెట్టినట్లు అయింది. ఆ తర్వాత పాత పెట్టె వంక కన్నెత్తి చూడలేదు. ఎవరూ చూడని పెట్టెలను కంపెనీలు కొంతకాలానికి కొట్టివేస్తవి. నాదీ కొట్టివేశారు. ఆ కంపెనీ పేరు ఎందుకులెండి. పద్నాలుగు సంవత్సరాలు ఆ తాళంచెవి సంగతే నాకు గుర్తు రాలేదు, ఎందుకంటే ఒక్కనాడూ దాని అవసరం పడలేదు.

2024 ఎండాకాలంలో నా సెల్‌ఫోను నీళ్ల గోలెంలో పడింది. కొత్త ఫోను కొన్నాను. అది పాస్‌వర్డు అడిగింది. పాత ఫోను ఏండ్ల తరబడి అడగకుండానే తెరుచుకునేది గనక, నేను దానిని మరచిపోయాను. గుర్తున్నది కొట్టాను. తప్పు అన్నది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పు. అప్పుడు ఫోను, "మీ చిరునామాకు కొన్ని అంకెలు పంపిస్తాము, అవి చెప్పండి" అని చూపింది. ఆ చిరునామాలో మొదటి అక్షరం, దాని పక్కన వరుసగా చుక్కలు. అక్షరం చూడగానే నా గుండె జారింది. అది ఎప్పుడో కొట్టివేసిన పాత పెట్టె! ఇంకొక దారి ఏదైనా ఉన్నదా అని చూచాను. ఉన్నది. ఒక ఫోను నంబరు. అదీ నాలుగేళ్ల కిందట నేను వదిలివేసిన నంబరే.

సరిగ్గా ఆ వారంలోనే నా పాత శిష్యుడు ఒకడు దుబాయి నుంచి సెలవు మీద వచ్చి ఇంటికి వచ్చాడు. "సార్, మన బడి ఫొటోలు మీ దగ్గరనే ఉన్నయంట గద? అందరం కొత్త కాలనీల కలుస్తున్నం. బడి ఎట్లుండెనో మా చిన్నోళ్లకు చూపెడుదమని" అన్నాడు. ఆ బడి ఫొటోలు మరెవరి దగ్గరా లేవు. ఫోటో తీసుకుందామంటే అక్కడ బడీ లేదు, నీళ్లే ఉన్నవి. నేను వానికి ఏమని చెప్పను? "ఉన్నయి బిడ్డా, చూస్తా" అన్నాను గాని, నా నోరు ఎండిపోయింది.

మీకు ఇప్పుడు ఒక అనుమానం రావాలి. పాస్‌వర్డు కంపెనీవారికి తెలుసు గదా, వారినే అడిగితే చెప్పరా? చెప్పరు. చెప్పలేరు కూడా. ఎందుకంటే అది వారికీ తెలియదు!

ఇది చాలా తమాషా అయిన సంగతి. 1961 లో అమెరికాలోని ఎంఐటీ విద్యాలయంలో ఫెర్నాండో కోర్బటో అనే శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివారూ ఒకే కంప్యూటరును చాలామంది పంచుకునే ఏర్పాటు చేశారు. ఒకరి కాగితాలు ఒకరు చూడకుండా ఒక్కొక్కరికి ఒక రహస్యపు మాట ఇచ్చారు. ఆ మాటలన్నీ ఒక పట్టికలో ఉన్నవి ఉన్నట్లుగా రాసి ఉండేవి. 1966 లో ఒక పొరపాటు జరిగింది. వచ్చినవారికి స్వాగతం చెప్పే వాక్యం ఉండవలసిన చోటికి ఆ పట్టిక వచ్చి కూచున్నది. ఆనాడు కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతివారికీ అందరి పాస్‌వర్డులూ కనిపించినవి! అదే దశాబ్దంలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రోజర్ నీదాం అనే ఆయన దీనికి ఒక ఉపాయం చెప్పాడు. పాస్‌వర్డును దాచవద్దు, దానిని పొడిచేసి ఆ పొడిని దాచండి అన్నాడు.

పొడి ఏమిటంటారా? మెట్‌పల్లి, నిజామాబాదు అంగళ్లలో పసుపు కొమ్ములు కుప్పలు పోస్తారు, చూచి ఉంటారు. కొమ్మును దంచితే పసుపు వస్తుంది. ఆ పసుపును ఎంత ముద్దచేసినా మళ్లీ కొమ్ము రాదు. పాస్‌వర్డును కూడా అట్లాగే ఒక గణితపు రోటిలో వేసి దంచుతారు. వచ్చిన పొడిని మాత్రమే కంపెనీ తన దగ్గర ఉంచుకుంటుంది. మీరు మళ్లీ వచ్చి పాస్‌వర్డు కొట్టినప్పుడు దానినీ అదే రోటిలో దంచి, రెండు పొడులనూ పోల్చి చూస్తుంది. పోలితే తలుపు తీస్తుంది. ఒక్క అక్షరం మారినా పొడి పూర్తిగా మారిపోతుంది. అందుచేత దొంగ లోపల జొరబడి పట్టిక ఎత్తుకుపోయినా వానికి దొరికేది పొడే. ఇది మన మేలు కోసం చేసిన ఏర్పాటు. కాని మనమే మరచిపోయిన నాడు, మనకు కూడా దొరికేది ఏమీ లేదు.

సరే, ముఖం చూచి గుర్తు పట్టరా? ఆధార్ సంగతి వేరు. దానికి జతచేసిన ఫోను నంబరు పోతే, కేంద్రానికి పోయి వేలిముద్ర వేసి కొత్త నంబరు చేర్పించుకోవచ్చు. ఎందుకంటే మన వేలిముద్ర వారి దగ్గర ముందే ఉన్నది. ఈమెయిలు కంపెనీకి మనం వేలిముద్ర ఇవ్వలేదు, ఫొటో ఇవ్వలేదు. ఖాతా తెరిచిన నాడు ఇచ్చినవి ఒక పాత చిరునామా, ఒక ఫోను నంబరు. ముప్పై ఏళ్లు హెడ్‌మాస్టరుగా చేసినవాడైనా సరే, వాటి నుంచి అంకెలు తెచ్చి చెప్పలేకపోతే దాని లెక్కలో వాడు ఎవరో దారిన పోయేవాడే.

ఆ తొందరలో నేను ఇంకొక తెలివితక్కువ పని చేయబోయాను. సహాయం చేసే ఫోను నంబరు ఏదైనా ఉన్నదేమోనని వెదికితే ఒకటి కనిపించింది. ఫోను చేస్తే ఒకడు చాలా మర్యాదగా మాట్లాడాడు. "పది రూపాయలు కట్టండి, నేను చెప్పే యాప్ ఒకటి ఫోనులో వేసుకోండి, అయిదు నిమిషాల్లో తెరిపిస్తాను" అన్నాడు. ఏ హెడ్‌మాస్టరుకైనా మర్యాద మరీ ఎక్కువైతే అనుమానం వస్తుంది. ఫోను పెట్టివేశాను. అటువంటి యాప్ వేసుకుంటే మన ఫోను తెర మొత్తం వాని చేతికి పోతుంది, బ్యాంకు డబ్బుతో సహా. ఎవరైనా అట్లా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 కు ఫోను చేయాలి. దేశమంతటికీ ఆ ఒక్క నంబరే.

నా అవస్థ చూచి, ఏడవ తరగతి చదువుతున్న మా మనుమరాలు అటకమీద నుంచి పాత కంప్యూటరును దింపించింది. నేను ఆ కంప్యూటరులోనే అప్పట్లో ఈమెయిలు చూచుకునేవాడిని. దుమ్ము తుడిచి, తీగలు తగిలించి, తెరిచింది. ఆశ్చర్యం! నా ఈమెయిలు ఎప్పటి తలుపు అప్పటిలాగే తెరిచి ఉన్నది. నేనెన్నడూ బయటికి వచ్చిన గుర్తు పెట్టలేదు గనక, కంప్యూటరు నన్ను ఇంకా లోపలి మనిషి గానే చూస్తున్నది.

నా అలవాటు ఏమిటంటే ఏ పనినైనా మొదటి నుంచి శుభ్రంగా చేయటం. ఒకసారి బయటికి పోయి మళ్లీ లోపలికి వద్దామని మౌసు పట్టుకున్నాను. మా మనుమరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నది.

"తాతా, బయటికి పోకు! పోతే మల్ల రానియ్యది!"

నిజమే గదా! చెయ్యి వెనక్కు తీసుకున్నాను. తర్వాత ఆ పిల్ల ఎంత వరుసగా పని చేసిందో చూడండి. ముందు ఏ తాళం జోలికీ పోలేదు. నూట నలభై ఫొటోలనూ ఒక్కొక్కటే దించి, పెన్‌డ్రైవులో నింపింది. అది పూర్తి కావటానికి గంటన్నర పట్టింది. నడుమ కరెంటు పోతుందేమోనని నేను అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. అన్నీ చేరిన తర్వాతనే, "ఇగ పాత అడ్రసు మారుద్దాం తాతా" అన్నది.

అక్కడ మళ్లీ పాస్‌వర్డు అడిగింది. ఇల్లు తెరిచి ఉన్నా లోపలి పెట్టెకు వేరే తాళం ఉంటుంది చూడండి, అట్లా. తెరిచి పెట్టిన కంప్యూటరు ఎవరి కంటనైనా పడితే వాడు ఖాతా మొత్తం తన పేర మార్చుకోకుండా ఈ జాగ్రత్త. మేమిద్దరం మొగాలు చూచుకున్నాము. అప్పుడు ఆ పిల్లకే తట్టింది. ఇంటర్నెట్టు చూపే బ్రౌజరు, ఎప్పుడో నేను 'సరే' అన్న పాపానికి, నా పాస్‌వర్డును దాచిపెట్టి ఉన్నది. కంప్యూటరును తెరిచే పిన్ అంకెలు కొడితే అది కనిపించింది.

ఏముందనుకున్నారు? ఆ మునిగిన ఊరి పేరే. నేను కొట్టినదీ ఆ పేరే! కాని ఆ ఊరి పేరును ఇంగ్లీషులో నాలుగు విధాలుగా రాస్తారు. బస్సు మీద ఒక తీరు, బడి బోర్డు మీద ఒక తీరు, రెవెన్యూ కాగితాలలో ఒక తీరు. పాస్‌వర్డులో ఒక 'హెచ్' ఎక్కువ ఉన్నది. ఆ ఒక్క 'హెచ్' వల్ల పొడి మారిపోయింది. ఊరి పేరును పాస్‌వర్డుగా పెట్టుకోవటం ఎవరు చేసినా తెలివితక్కువే. మొట్టమొదట అదే మార్చాము.

తర్వాత పాత చిరునామా తీసివేసి నా కొడుకు చిరునామా చేర్చాము. వదిలేసిన ఫోను నంబరు స్థానంలో ఇప్పటి నంబరు పెట్టాము. పని అయిపోయిందనుకున్నాను గాని కాలేదు. ఇట్లా మార్చిన తర్వాత కూడా ఒక వారం దాకా అంకెలను పాత చోటికే పంపమంటారా అని గూగుల్ అడగవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో పాత ఆనవాళ్లన్నీ ఒకేసారి మార్చితే ముప్పై దినాలు ఆగవలసి ఉంటుంది. నాకు మొదట ఇది విసుగనిపించింది. తర్వాత అర్థమయింది. ఈ మార్పు నేను గాక దొంగ చేసి ఉంటే? అసలు యజమాని మేలుకుని అడ్డుపడటానికి వ్యవధి ఉండాలి గదా! కొత్త చిరునామా చేర్చిన నాడే పాతదానిని వదిలేయకూడదని ఇందుకే అంటారు. రెండూ కొన్నాళ్లు కలిసి నడవాలి.

వదిలేసిన చిరునామా ఊరికే పోదు, మరొకరి చేతికి కూడా పోవచ్చు. 2013 లో యాహూ కంపెనీ పన్నెండు నెలలుగా ఎవరూ వాడని పేర్లను విడిపించి, అడిగిన కొత్తవారికి ఇచ్చింది. అట్లా పేరు పుచ్చుకున్న కొందరికి పాత యజమానుల జాబులు కూడా వచ్చి పడినవి! గూగుల్ మాత్రం కొట్టివేసిన జీమెయిలు పేరును ఇంకొకరికి ఇవ్వదు. అయితే రెండేళ్లుగా వాడని ఖాతాలను కొట్టివేసే నియమాన్ని 2023 డిసెంబరు నుంచి అమలులో పెట్టింది. ఫోను నంబర్ల సంగతి కూడా ఇంతే. మన దేశంలో ఆగిపోయిన నంబరును 90 దినాల దాకా ఎవరికీ ఇవ్వరనీ, ఆ తర్వాత ఇంకొకరికి ఇవ్వవచ్చుననీ 2023 నవంబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. నా పాత నంబరు ఇప్పుడు ఏ ఊరిలో మోగుతున్నదో! ఆ అంకెలు ఎవరికి పోయేవో!

మీలో పదమూడేళ్లు నిండనివారు గూగుల్ ఖాతా సొంతంగా తెరవకూడదు. అమ్మో నాయనో తెరిచి తమ అదుపులో ఉంచాలి. అయినా మీకు ఈ గొడవ దూరం కాదు. మన చొప్పదండిలో జవహర్ నవోదయ విద్యాలయం ఉన్నది గదా, అక్కడ ఆరవ తరగతిలో చేరటానికి దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైనులోనే పెట్టాలి. నెట్ సెంటరుకు పోయినప్పుడు ఫోను నంబరు ఉన్న గడిలో ఎవరి నంబరు నింపుతున్నారో కొంచెం తొంగి చూడండి. నాయన పొలం దగ్గర ఉన్నాడు, అమ్మ ఫోను ఇంట్లో ఉన్నది, అంకెలు ఎవరు చెబుతారని సెంటరు అతనే తన నంబరు వేసి పని కానిస్తాడు. అతనిది చెడ్డ బుద్ధి కాదు. కాని రెండేళ్లకు సెంటరు ఎత్తివేసి అతడు హైదరాబాదు పోతే, మీ తాళంచెవి అతని జేబులో పోతుంది. మీ ఇంటి నంబరే వేయమని చెప్పండి. సిగ్గు పడవద్దు.

గూగుల్ ఖాతాకు రెండవ తాళం పెట్టుకున్నవారికి ఎనిమిదేసి అంకెలు గల పది సంఖ్యలు ఇస్తారు. ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. పాస్‌వర్డు గుర్తుంటే చాలు, ఫోను గోలెంలో పడినా, చిరునామా నీట మునిగినా ఆ సంఖ్యలతో లోపలికి పోవచ్చు. మా మనుమరాలు వాటిని అచ్చు తీయించింది. నా పదవ తరగతి మెమో ఉన్న రేకు పెట్టెలో, దాని పక్కనే పెట్టాను. కంప్యూటరు తాళాన్ని కాగితం కాపాడటం నా వయసు వానికి కొంత సంతోషంగానే ఉన్నది!

కొత్త కాలనీలో పిల్లలందరూ కలిసిన నాడు ఫొటోలను గోడమీద పెద్దవిగా చూపారు. వేపచెట్టు ఫొటో రాగానే అందరూ ఒక్కసారిగా కేక వేశారు. దుబాయి నుంచి వచ్చినవాడు తన కొడుకును ఎత్తుకుని, మూడో వరుసలో కొనకు నిలబడ్డ పొట్టివాణ్ని వేలితో చూపి, "గది నేనే" అన్నాడు. కొడుకు నమ్మలేదు.

మా మనుమరాలు ఇంకొక పని పెట్టింది. పాత చిరునామా ఎక్కడెక్కడ ఇచ్చి ఉన్నానో ఒక నోటు పుస్తకంలో రాయించింది. బ్యాంకు, రైలు టిక్కెట్లు, కరెంటు బిల్లు, పుస్తకాల దుకాణం, అన్నీ కలిపి పదకొండు లెక్క తేలినవి. ప్రతి ఆదివారం ఒకటి మార్పించి దాని పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెడుతుంది. బ్యాంకువాళ్లు అర్జీ రాయించుకుని, నన్ను స్వయంగా రమ్మని మార్చారు. ఇప్పటికి తొమ్మిది అయినవి. ఇంకా రెండు మిగిలి ఉన్నవి.